ఘాట్ రోడ్డుకి పాత బీటిల్: ముందు వేడి, తర్వాత మలుపు, ఆఖర్న బలం

మా ఇల్లు ఒడిశాలోని జయపురంలో, చుట్టాలందరూ విజయనగరం, పార్వతీపురం వైపు. పెళ్లయినా పేరంటమైనా కొరాపుట్ ఎక్కి, సెమిలిగుడ, పొట్టంగి దాటి, సుంకి ఘాట్‌లో సాలూరుకి దిగాలి. మళ్లీ అదే దారిలో వెనక్కి రావాలి. ఈ రోడ్డు మీద నేను 1971 ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ తోలుతున్నాను, ఇంజన్ వెనక ఉండి గాలితోనే చల్లబడే కారు. 1300 ఇంజన్‌తో వచ్చిన బండి అది. నా చేతికి వచ్చేసరికే అందులో 1600 ఇంజన్, అంటే 1584 సీసీది, పెట్టి ఉంది.

బండి కొన్న కొత్తలో నేను చేయించిన మొదటి పని రెండు కార్బొరేటర్లు పెట్టించడం. పికప్ బ్రహ్మాండంగా వచ్చింది. కింద మైదానంలో ఒక గ్యారేజీలో చేయించాను. ఇంజన్ మళ్లీ ఎక్కించేటప్పుడు చుట్టూ ఉండే రేకుల్లో మూడింటిని పక్కన పడేశారు. "ఇవి లేకపోతే గాలి ఇంకా బాగా తగుల్తుంది సార్" అన్నారు, నేను నమ్మాను. మే నెలలో సుంకి ఘాట్ సగం ఎక్కేసరికి బండి లాగడం మానేసింది. కాలిన ఆయిల్ వాసన వచ్చింది, ఇంజన్ ఆగిపోయింది. విప్పి చూస్తే మూడో సిలిండర్లో పిస్టన్ పట్టేసి ఉంది. సునాబెడ హెచ్‌ఏఎల్ ఇంజన్ డివిజన్‌లో పనిచేసి రిటైరైన మా చిన్నాన్న ఆ పిస్టన్ని చేతిలో తిప్పి చూసి, "ఒరే, బలం పెంచావు సరే, దాంతోపాటు పుట్టే వేడి ఎటు పోవాలో చూశావా?" అని అడిగారు.

ఈ మార్గదర్శిలో పనుల వరస ఆ ప్రశ్న నుంచే వచ్చింది. ఇక్కడ చెప్పేది 1600 ఇంజన్, ముందు టోర్షన్ బార్ (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీ) బీమ్, వెనక స్వింగ్ యాక్సిల్ ఉన్న బీటిల్ గురించి. 1302, 1303 మోడళ్ల సస్పెన్షన్ వేరు, ఇంజన్ భాగం మాత్రం వాటికీ పనికొస్తుంది.

1. ఉన్న ఇంజన్ ఎలా ఉందో తెలుసుకోండి

డబ్బు ఖర్చుపెట్టే ముందు రెండు పరీక్షలు చేయండి. ఇంజన్ వేడి చేసి, నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి కంప్రెషన్ చూడండి. నాలుగు సిలిండర్ల మధ్య తేడా 15 శాతం దాటితే అసలు జబ్బు అక్కడుంది. రెండోది, ఇంజన్ ఆపి వెనక పెద్ద పుల్లీని రెండు చేతులా పట్టుకుని ముందుకి నెట్టి వెనక్కి లాగండి. క్రాంక్‌కి (ఇంజన్‌లో తిరిగే ప్రధాన ఇరుసుకి) ముందువెనకలకి ఉండాల్సిన ప్లే 0.07 నుంచి 0.13 మిల్లీమీటర్లు, అది చేతికి తెలీదు. "టక్" మని శబ్దం వినిపించిందంటే ఇంజన్ దించాల్సిన టైమ్ వచ్చినట్టే. అలాంటి ఇంజన్‌కి పెద్ద కార్బొరేటర్ పెట్టడం దండగ.

2. ట్యాపెట్లు: తెల్లవారుజామున, చల్లటి ఇంజన్ మీద

ట్యాపెట్లు సెట్ చేయడమంటే వాల్వుకీ దాన్ని నొక్కే స్క్రూకీ మధ్య ఖాళీని, అంటే క్లియరెన్స్‌ని, సరిచేయడం. ఇది ఎవరికి వాళ్లు నేర్చుకోవాల్సిన పని. రాత్రంతా ఆగి ఉన్న ఇంజన్ మీదే చేయాలి. ఈ ఇంజన్‌కి క్లియరెన్స్ 0.15 మి.మీ., ఇన్‌టేక్‌కీ ఎగ్జాస్ట్‌కీ అంతే.

డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి వరసగా కరెంటు పంచేది) మూత తీసి, పుల్లీ మీది టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకి చేరిన చోటు) గుర్తు క్రాంక్‌కేసు రెండు సగాలు కలిసే గీతకి ఎదురుగా వచ్చేదాకా తిప్పండి. రోటర్ ముక్కు డిస్ట్రిబ్యూటర్ అంచు మీది చిన్న గాడి వైపు చూస్తుంటే ఒకటో సిలిండర్ సిద్ధం. అది బండి కుడివైపు, ముందుది. దాని రెండు వాల్వులూ సెట్ చేశాక పుల్లీని గడియారం ముల్లుకి ఎదురు దిశలో సగం చుట్టు తిప్పితే రెండోది, ఇంకో సగం తిప్పితే మూడోది, ఆపైన నాలుగోది. ఇంజన్ మంట వరస 1-4-3-2 కాబట్టి వెనక్కి తిప్పుతుంటే 1, 2, 3, 4 అని వరసగా వస్తాయి.

ఫీలర్ గేజ్ (ఖాళీ కొలిచే పలచటి రేకు) పెట్టి లాగినప్పుడు మూసిన పుస్తకంలోంచి కాగితం లాగుతున్నట్టు ఉండాలి. వదులుగా జారిపోకూడదు, పట్టేసి వంగిపోకూడదు. లాక్ నట్ బిగించేటప్పుడు స్క్రూ కొంచెం తిరుగుతుంది, అందుకే బిగించాక గేజ్ ఇంకోసారి పెట్టి చూడాలి. నేను మొదట్లో ఈ రెండోసారి చూడడం మానేసి ఎన్నో పొద్దులు వృథా చేసుకున్నాను.

సెట్ చేసే ముందు ఎంత ఉందో కొలిచి ప్రతిసారీ నోటు పుస్తకంలో రాయండి. ఏదో ఒక ఎగ్జాస్ట్ వాల్వు క్లియరెన్స్ రాన్రానూ తగ్గుతోందంటే ఆ వాల్వు వేడికి సాగుతోందని అర్థం, ముఖ్యంగా మూడో సిలిండర్లో. అలా సాగిన వాల్వు తల ఒకరోజు విరిగి పిస్టన్ మీద పడుతుంది. క్లియరెన్స్ పెరుగుతూ పోతుంటే హెడ్ స్టడ్ క్రాంక్‌కేసులోంచి ఊడి వస్తోందేమో చూడాలి. మెగ్నీషియం కేసు మెత్తనిది. రీబిల్డ్ చేసినప్పుడు స్టడ్‌లు కూర్చునే చోట స్టీలు ఇన్సర్ట్‌లు వేయించుకోవడం మంచిది. ఈ రెండు జబ్బుల్నీ ముందే పట్టిచ్చేది ఆ నోటు పుస్తకమే.

3. వేడికి దారి చూపించండి

ఫ్యాన్ గాలిని పైనుంచి కిందికి, సిలిండర్ల రెక్కల మధ్యగా తోస్తుంది. ఆ గాలి ఒక్క చిల్లు గుండా పక్కకి పోయినా రెక్కలకి ఆ మేరకు తగ్గినట్టే. అందుకని ఇంజన్ చుట్టూ ఉన్న రేకులు ఒక్కటి కూడా వదలకూడదు. సిలిండర్ల కింద, పుష్‌రాడ్ గొట్టాల పైన ఉండే చిన్న రేకుల్ని చాలామంది మర్చిపోతారు. గాలిని రెక్కలకి హత్తుకునేలా తిప్పేవి అవే. ఇంజన్ గది అంచు చుట్టూ ఉండే రబ్బరు సీలు ఎండి పగిలి ఉంటే మార్చండి. అది లేకపోతే కిందికి పోయిన వేడి గాలినే ఫ్యాన్ మళ్లీ పైకి పీల్చుకుంటుంది. హీటర్ గొట్టాలు తీసేసి ఉంటే ఫ్యాన్ డబ్బాకి ఉన్న రెండు రంధ్రాలకీ మూతలు పెట్టాలి.

మూడో సిలిండరే ఎందుకు ముందు కాలుతుందంటే, పాత డిజైన్‌లో ఆయిల్ కూలర్ ఫ్యాన్ డబ్బా లోపల సరిగ్గా దాని ముందే నిలబడి ఉంటుంది. ఆ సిలిండర్‌కి అందేది కూలర్ దాటివచ్చిన వేడిగాలి. ఫోక్స్‌వ్యాగన్ 1971 మోడల్ నుంచి కూలర్ని డబ్బా వెనక్కి జరిపి దానికి వేరే గాలి దారి పెట్టింది. డాగ్‌హౌస్ కూలర్ అంటే అదే. మీ బండికి పాత డబ్బా ఉంటే, నా లెక్కలో పెట్టాల్సిన మొట్టమొదటి పెద్ద ఖర్చు ఇది, కార్బొరేటర్ కన్నా ముందు. మారిస్తే కూలర్, దాని అడాప్టర్, రేకులు, వేడి గాలి బయటికి పోయే గొట్టం అన్నీ కలిపి మార్చాలి. సగం సెట్టు పెడితే పాతదాని కన్నా అధ్వాన్నం అవుతుంది.

ఇంజన్ వేడెక్కేదాకా గాలిని ఆపి ఉంచే థర్మోస్టాట్, ఫ్లాప్‌లు తీసేయమని చాలామంది చెబుతారు. మన వైపు తీయకండి. కొరాపుట్ పీఠభూమి దాదాపు 870 మీటర్ల ఎత్తులో ఉంది. డిసెంబరు, జనవరి పొద్దుల్లో మంచు పట్టి ఎదుటి బండి కనపడదు. ఆ చలిలో ఇంజన్ త్వరగా వేడెక్కకపోతే ఆయిల్లో నీరు చేరుతుంది, బోర్లు అరుగుతాయి. 65 నుంచి 70 డిగ్రీల దగ్గర తెరుచుకునే థర్మోస్టాట్ ఘాట్ ఎక్కేటప్పుడు అడ్డం రాదు.

ఫ్యాన్ బెల్టు బొటనవేలితో నొక్కితే సుమారు 15 మి.మీ. దిగాలి. టెన్షన్ సరిచేసేది పుల్లీ రెండు సగాల మధ్య ఉండే షిమ్‌లతో. మధ్యలోంచి తీస్తే బెల్టు బిగుస్తుంది. తీసినవి పారేయకుండా నట్ కింద బయటివైపు పెట్టుకోండి, కొత్త బెల్టుకి మళ్లీ కావాలి. డ్యాష్‌బోర్డు మీద చార్జింగ్ ఎర్రలైటు వెలిగిందంటే బండి వెంటనే పక్కకి ఆపండి. డైనమోని తిప్పే బెల్టే ఫ్యాన్ని కూడా తిప్పుతుంది. వచ్చే ఊరి దాకా పోదాం అనుకుంటే ఇంజన్ పోతుంది. అదనపు బెల్టు, 21 సైజు స్పానర్ ఎప్పుడూ బండిలో ఉండాలి. అందంగా ఉంటుందని చిన్న సైజు పుల్లీ అమ్ముతారు. దాంతో ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతుంది, ఘాట్ రోడ్డుకి అది పనికిరాదు.

ఆయిల్ మొత్తం పట్టేదే 2.5 లీటర్లు, పైగా కంపెనీ ఇచ్చింది జల్లెడ మాత్రమే, ఫిల్టర్ లేదు. నేను 20డబ్ల్యూ-50 పోసి 2,500 కిలోమీటర్లకే మారుస్తాను, జల్లెడ కడుగుతాను. ఆయిల్ వేడి చూపించే మీటరు పెట్టుకోండి. 80 నుంచి 110 డిగ్రీల మధ్య ఉంటే నిశ్చింత. 120 దాటితే ఆగండి.

4. మంట సరైన వేళకి

పాయింట్ల (డిస్ట్రిబ్యూటర్‌లో కరెంటుని కలిపి తెంచే కొసల) గ్యాప్ 0.4 మి.మీ., ప్లగ్ గ్యాప్ 0.6 నుంచి 0.7. ముందు పాయింట్లు సరిచేసి తర్వాతే టైమింగ్ పెట్టాలి, ఎందుకంటే గ్యాప్ మారితే టైమింగ్ కూడా కదులుతుంది. టైమింగ్ లైటుతో 3,000 ఆర్‌పీఎం పైన, వాక్యూమ్ గొట్టం తీసి మూసి, మొత్తం అడ్వాన్స్ (పిస్టన్ పైకి చేరడానికి ఎంత ముందు నిప్పురవ్వ పడుతుందో అది) 28 నుంచి 30 డిగ్రీలకి పెట్టండి. ఐడిల్ దగ్గర ఎంత వస్తే అంత. ఈ ఇంజన్‌ని కాపాడేది పై లెక్కే.

009 డిస్ట్రిబ్యూటర్ చాలా బండ్లకి కనిపిస్తుంది. వాక్యూమ్ అడ్వాన్స్ లేనిది, చవక. ఒంటి కార్బొరేటర్‌తో అది యాక్సిలరేటర్ తొక్కగానే ఒక్క క్షణం తడబడుతుంది. మలుపు మధ్యలో ఆ తడబాటు ప్రమాదం. నేను వాక్యూమ్ అడ్వాన్స్ ఉన్నదానికి మారాను, ఒక్క రోజులో బండి మనిషి మాట విన్నట్టు అయింది.

5. పెట్రోలు: కొండ మీద ఒక లెక్క, కింద ఒక లెక్క

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఒక కిలో అచ్చ పెట్రోలుకి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఈ కలిపినదానికి సుమారు 13.5 చాలు. పాత జెట్‌లు (కార్బొరేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే రంధ్రాలు) అచ్చ పెట్రోలుకి లెక్కవేసినవి కాబట్టి మీరేం మార్చకపోయినా మిశ్రమం దాదాపు 8 శాతం పలచబడుతుంది, అంటే గాలికి తగినంత పెట్రోలు అందదు. పలచని మిశ్రమం ఎక్కువ వేడి పుట్టిస్తుంది.

కొరాపుట్ ఎత్తులో గాలి సాంద్రత సముద్రమట్టం కన్నా దాదాపు 8 శాతం తక్కువ. కార్బొరేటర్ స్వభావం ప్రకారం అందులో సగం, అంటే 4 శాతం మేర మిశ్రమం చిక్కబడుతుంది. ఇథనాల్ పలచన చేసిన దాంట్లో సగాన్ని ఎత్తు పూడుస్తుందన్నమాట. అందుకే జెట్ మార్చకపోయినా బండి సెమిలిగుడలో చక్కగా ఉన్నట్టు అనిపిస్తుంది. అదే బండి సాలూరు దిగి ఎండలో విజయనగరం వైపు 80లో పోతుంటే ఆ 8 శాతం పలచనా పూర్తిగా మీద పడుతుంది. జెట్ ఎప్పుడూ కింద మైదానానికే సరిపెట్టాలి.

జెట్ మీద 127.5 అని ఉంటే రంధ్రం 1.275 మి.మీ. అని అర్థం. రంధ్రం వైశాల్యం 8 శాతం పెరగాలంటే వ్యాసం 4 శాతం పెరిగితే చాలు, అంటే 132.5. నేను అదే వాడుతున్నాను. కొండ మీద కాస్త చిక్కగా ఉంటుంది, రెండు చుక్కల పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ఇంజన్ బాగుండటానికి ఆ ఖర్చు పెట్టడం నాకు ఇష్టమే.

చలికాలంలో ఇంకో చిక్కు. మంచుపట్టిన పొద్దున పది కిలోమీటర్లు పోయాక ఇంజన్ ఐడిల్‌లో ఆగిపోతుంది, రెండు నిమిషాలు ఆగితే మళ్లీ మామూలే. కార్బొరేటర్ గొంతులో గడ్డకట్టిన తేమ పని అది. ఒంటి కార్బొరేటర్ ఉన్న బండికి మానిఫోల్డ్ (కార్బొరేటర్ నుంచి ఇంజన్‌కి పోయే గొట్టం) కింద సైలెన్సర్ పొగతో వేడెక్కే సన్నటి గొట్టం ఉంటుంది. పది నిమిషాలు ఇంజన్ నడిపి ఆ గొట్టం రెండు చివర్ల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి. రెండు వైపులా వేడి తగలాలి. ఒకవైపు చల్లగా ఉంటే లోపల మసి పేరుకుంది. మానిఫోల్డ్ దించి, పాత క్లచ్ వైరు చివర విప్పి లోపలికి తోసి తిప్పితే మసి రాలుతుంది. రెండు కార్బొరేటర్లు పెట్టినవాళ్లకి ఈ గొట్టం ఉండదు. మధ్యలో ఒక్క పెద్ద వెబర్ కార్బొరేటర్ పెట్టినవాళ్లకైతే ఈ బాధ అందరికన్నా ఎక్కువ. ఈ చలి వల్లే నేను రెండు కార్బొరేటర్లూ తీసేసి ఒంటిదానికి తిరిగొచ్చాను.

పెట్రోలు గొట్టాలు ఇథనాల్‌కి తట్టుకునేవి, లోపలి వ్యాసం 5 మి.మీ. ఉన్నవి వేసి, ప్రతి కొసకీ క్లిప్పు బిగించండి. కార్బొరేటర్‌లోకి పోయే ఇత్తడి గొట్టం చేత్తో ఊపితే కదులుతుంటే అది ఏదో రోజు ఊడి, పెట్రోలు వేడి ఇంజన్ మీద పడుతుంది. ఫిల్టర్‌ని డిస్ట్రిబ్యూటర్ పైన వేలాడదీయకండి, కింద గేర్‌బాక్సు పక్కకి మార్చండి. బీటిల్‌లు తగలబడేది ఎక్కువగా ఇలాగే. మంటలార్పే సిలిండర్ సీటు కింద ఉంచండి.

6. మలుపుల్లో నమ్మకం

స్వింగ్ యాక్సిల్‌లో వెనక చక్రం గేర్‌బాక్సు దగ్గరి కీలు మీద తలుపులా ఊగుతుంది. వేగంగా మలుపులో పోతూ సడన్‌గా యాక్సిలరేటర్ వదిలేస్తే బండి వెనక భాగం పైకి లేస్తుంది, బయటి చక్రం అడుగు లోపలికి ముడుచుకుంటుంది, పట్టు పోయి వెనక భాగం తిరిగిపోతుంది. ఇంజన్ వెనకే ఉంది కాబట్టి బరువులో దాదాపు 60 శాతం అక్కడే. ఇది అర్థమైతే మిగతా పనులన్నీ ఎందుకో తెలుస్తుంది.

మొదట గాలి. ముందు 18, వెనక 27 పీఎస్‌ఐ. బంకులో అబ్బాయి అలవాటుగా నాలుగింటికీ 32 కొట్టేస్తాడు, పక్కన నిలబడి చెప్పండి. ముందు వెనకల మధ్య ఆ తేడాయే బండిని అదుపులో ఉంచుతుంది. టైరు గోడ మీది నాలుగంకెల తేదీ కూడా చూడండి. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. గాట్లు ఎంత లోతుగా ఉన్నా గట్టిపడిన రబ్బరు తడి రోడ్డు మీద జారుతుంది.

తర్వాత అరిగినవన్నీ మార్చండి: టై రాడ్ ఎండ్‌లు, బాల్ జాయింట్లు, షాకబ్జార్బర్లు, స్ప్రింగ్ ప్లేటు బుష్‌లు, స్టీరింగ్ డంపర్. ముందు టో-ఇన్ (చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండే మేర) 2 నుంచి 4 మి.మీ. మధ్య పెట్టించండి. నా బండి బొరిగుమ్మ వైపు తిన్నటి రోడ్డు మీద అటూ ఇటూ ఊగేది. కొత్త సామాను కొనాలేమో అనుకున్నాను. చివరికి స్టీరింగ్ బాక్సు బోల్టు ఒకటి వదులుగా దొరికింది.

ఆ తర్వాతే కొత్త సామాను. ముందుకి లావు యాంటీ రోల్ బార్. వెనక గేర్‌బాక్సు కింద అడ్డంగా కూర్చునే క్యాంబర్ కాంపెన్సేటర్, రెండు యాక్సిల్ గొట్టాలనీ కలిపే పట్టీ అది. చక్రం ముడుచుకోకుండా పట్టి ఉంచుతుంది. నేను పెట్టిన డబ్బుకి ఘాట్‌లో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే.

వెనక ఎత్తు కొంచెం తగ్గిస్తే చక్రాల పైభాగం లోపలికి వాలుతుంది. ఒకటి, ఒకటిన్నర డిగ్రీ చాలు. వెనక టోర్షన్ బార్‌కి లోపలి కొసన 40 పళ్లు, బయటి కొసన 44. లోపల ఒక పన్ను అంటే 9 డిగ్రీలు, బయట ఒక పన్ను సుమారు 8 డిగ్రీల 10 నిమిషాలు. లోపల ఒకటి ఒకవైపు, బయట ఒకటి ఎదురువైపు జరిపితే తేడా 50 నిమిషాలు, అంటే డిగ్రీలోపు సరిచేసుకోవచ్చు. స్ప్రింగ్ ప్లేటు అంచు మీది నుంచి జారినప్పుడు కాలు విరిచేంత బలంతో కిందికి కొడుతుంది. జాకీతో పట్టి, గొలుసుతో కట్టకుండా దాని ముందు కూర్చోవద్దు. ముందు భాగం మాత్రం దించకండి. దించితే క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) తగ్గి బండి నిలకడగా పోదు, పైగా మన స్పీడ్ బ్రేకర్లకి కింద తగులుతుంది.

బ్రేకులు: కొరాపుట్ నుంచి జయపురం దిగే ముందు డ్రమ్ములు గుండ్రంగా ఉన్నాయా, షూలు సరిగ్గా అడ్జస్ట్ అయ్యాయా చూడాలి. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాలి. అది తేమ పీల్చుకుంటుంది, దిగుడులో మరిగితే పెడల్ నేలకి తగులుతుంది. వెనక డ్రమ్ము తీసిన ప్రతిసారీ యాక్సిల్ నట్ 294 న్యూటన్ మీటర్లకి బిగించి, పిన్ను రంధ్రం కలవకపోతే ఇంకా ముందుకే తిప్పాలి, వెనక్కి కాదు. బలం పెంచే ఆలోచన ఉంటే ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు వేయించాకే.

7. ఇప్పుడు పెద్ద ఇంజన్

పైవన్నీ అయ్యాక కూడా బలం చాలదనిపిస్తే 90.5 మి.మీ. పిస్టన్లతో 1776 సీసీ చేయించండి. కేసునీ హెడ్లనీ లేత్ మీద కోయించాలి. కోత లేకుండా దూరే 88 సైజు బోర్లు పలచనివి, వేడికి గుండ్రతనం పోతాయి. కంప్రెషన్ నిష్పత్తి 8 దాటించవద్దు, పిస్టన్ తలకీ సిలిండర్ అంచుకీ మధ్య 1 నుంచి 1.5 మి.మీ. ఉంచండి. ఆయిల్‌కి బయట ఫిల్టర్ అప్పుడే పెట్టించేయండి.

కాగితాలు కూడా చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చకూడదు. ఇంజన్ మార్చితే ఆర్టీవో అనుమతి తీసుకుని ఎక్కించుకోవాలి. 2021 నిబంధనల కింద 50 ఏళ్లు దాటిన బండికి "వీఏ" అక్షరాలతో వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. కానీ ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు ఉంటే ఇవ్వరు. ఏది కావాలో ముందే తేల్చుకోండి.

8. తోలే పద్ధతి, పరీక్ష

ఎక్కేటప్పుడు మూడో గేర్లో ఈడ్చుకుంటూ పోతే ఇంజన్ మీద భారం ఎక్కువ, ఫ్యాన్ తిరిగేది తక్కువ. రెండో గేరుకి దిగి 3,000 దగ్గర తిప్పండి. శబ్దం ఎక్కువైనా ఇంజన్ చల్లగా ఉంటుంది. మలుపుకి ముందే బ్రేకు, మలుపులో యాక్సిలరేటర్ మీద కాలు నిలకడగా ఉంచాలి. దిగేటప్పుడు ఎక్కిన గేరే.

ఒక్కోసారి ఒక్క మార్పే చేసి, ప్రతిసారీ అదే ముక్క మీద పరీక్షించండి. నాకు సుంకి నుంచి పొట్టంగి దాకా ఎక్కే రోడ్డు కొలబద్ద. పైకి చేరాక ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి, ఆయిల్ వేడి, ఆ రోజు ఎండ, బండిలో ఎంతమంది ఉన్నారో పుస్తకంలో రాస్తాను. ఇంజన్ చెయ్యి తగిలించగలిగేంత చల్లారాక, హెడ్ మరలు పాడవకుండా నెమ్మదిగా ప్లగ్గులు విప్పి వరసగా తువ్వాలు మీద పెడతాను. నాలుగూ లేత గోధుమరంగులో ఒకేలా ఉండాలి. మూడోది మిగతా వాటికన్నా తెల్లగా కనిపిస్తే, టార్చి తీసుకుని ఆయిల్ కూలర్ దగ్గరి రేకుల్ని మొదటినుంచి మళ్లీ చూడండి.